బోయిన్‌పల్లి బావిలోని తేనెరంగు నుసుమ

కొత్త జాతి పురుగును కనిపెట్టిన క్షణం ఎలా ఉంటుందని కీటకశాస్త్రం చదివే పిల్లలు నన్ను అడుగుతుంటారు. నా మొదటి జాతి విషయంలో ఆ క్షణం నాకు తెలియదు. అప్పుడు నేను బోయిన్‌పల్లిలో ఒక బావి మెట్ల మీద జారిపడి, మోకాలు పట్టుకుని కూర్చున్నాను. చూసింది మా కరీముల్లా సార్.

నేను ఉద్యోగం నుంచి రిటైరై చాలా ఏళ్ళయింది. సైనిక్‌పురిలో మా అమ్మాయి ఇంటి వరండాలో కూర్చుని ఇది రాస్తున్నాను. ప్రమోషన్లు, ఫైళ్ళు అందరికీ ఒకటే కనుక వాటి జోలికి పోను. ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు నేను చెప్పదగింది ఒక నుసుమ సంగతి, దాని దగ్గర నేను చేసిన ఒక తప్పు సంగతి.

నుసుమ అంటే దోమకంటే చిన్నది. కుట్టదు. వానాకాలంలో పేడకుప్పల మీద, కుళ్ళిన కట్టెల మీద, కుక్కగొడుగుల చుట్టూ పొగలా లేస్తుంది. చెయ్యి ఆడిస్తే చెదిరిపోతుంది, తీస్తే మళ్ళీ అక్కడికే వస్తుంది. మామూలు మనిషికి అన్నీ ఒకటే. వాటిలో వందల జాతులున్నాయని, ఒక్కొక్కదానికి ఒక్కో రకం కట్టె, ఒక్కో రకం బూజు కావాలని ఉద్యోగంలో చేరేదాకా నాకూ తెలియదు.

నారుమడి

పోలీసు చర్య జరిగిన ఏడాది వానాకాలం. మా ప్రయోగశాల సికింద్రాబాద్‌లో ఒక పాత బంగళా. ముందు గదిలో రైతుల ఫిర్యాదులు, వెనక గదిలో పురుగులు. కాగితాలు ఉర్దూలో నడిచేవి. పురుగుల పేర్లు లాటిన్. మేము మాట్లాడుకునేది తెలుగు.

కరీముల్లా సార్ మా అందరికీ పెద్ద. వాళ్ళ నాన్న వరంగల్‌లో తివాచీలు నేసేవాడట. ఆ నేతగాడి వేళ్ళే ఈయనకు వచ్చాయి. నువ్వు గింజంత పురుగు కాలిని విరగకుండా తీసి గాజు పలక మీద పరిచేవాడు. ఆయన కోపం కూడా మెత్తగానే ఉండేది. నా రాతలో తప్పు దొరికితే దాని కింద ఒక చిన్న చుక్క పెట్టి కాగితం వెనక్కి ఇచ్చేవాడు. తప్పేమిటో చెప్పేవాడు కాదు. చుక్క పెట్టిన చోట ఏముందో వెతుక్కోవడమే నా చదువు.

ఒక ఉదయం బోయిన్‌పల్లి నుంచి పోచమ్మ అనే ఆవిడ వచ్చింది. ఇప్పుడు అక్కడ పెద్ద కూరగాయల మార్కెట్ ఉంది గానీ, అప్పుడు అన్నీ తోటలే. వాడిపోయిన వంకాయ నారు ఒక తట్టలో పెట్టుకుని తెచ్చి, సార్ బల్ల మీదే దించింది.

"సారూ, జూడుండ్రి. పొద్దుగాల మడి దగ్గరికి పోతె నల్ల నుసుమలు బుస్సున లేస్తున్నయ్. నారంత సస్తున్నది. గిట్లయితె నేనేం అమ్ముకోవాలె, ఏం తినాలె?"

నేను అప్పటికే నుసుమల మందు గురించి చీటీ రాయడం మొదలుపెట్టాను. సార్ నా చేతిలోంచి కలం తీసుకున్నాడు.

"మడి చూసినవా?"

"లేదు సార్."

"మరి గింత జల్ది ఏం రాస్తున్నవ్? పా, పోదాం."

మడిలో సంగతి తేలికగానే తెలిసింది. ఆమె పచ్చి పేడ వేసి, వాన పడుతున్నా రోజూ నీళ్ళు పెడుతోంది. ఆ తడికి బూజు, బూజుకు నుసుమలు, వాటి పిల్లలు నారు వేళ్ళు కొరుకుతున్నాయి. నీళ్ళు ఆపి, మీద పొడి ఇసుక, బూడిద చల్లమన్నాడు సార్. పోచమ్మ నమ్మలేదు.

"నీళ్ళు బందు పెడితె నారు బతుకుతదా? ఏందీ మాట సారూ?"

"పది రోజులు నా మాట ఇను. బతకకుంటె నా ఇంటికొచ్చి తిట్టు."

నారు బతికింది. ఆమె తర్వాత వచ్చి తిట్టకుండా ఒక బుట్టెడు వంకాయలు ఇచ్చిపోయింది. కానీ నేను చెప్పవలసింది ఆ నల్ల నుసుమల గురించి కాదు. కాళ్ళు కడుక్కుందామని ఆ రోజు మేము ఆమె బావిలోకి దిగాం.

అది మెట్ల బావి. ఎప్పుడో కూలిన మామిడి మొద్దు ఒకటి పక్కగోడకు ఆనుకుని సగం నీళ్ళలో, సగం బయట పడి ఉంది. పైన మబ్బు, లోపల నాచు. బావి నిండా ఆకుపచ్చ వెలుతురు, ఎవరో కల కంటూ వదిలేసిన గదిలాగా. నేను జారిపడింది అక్కడే. లేవబోతుంటే సార్ చెయ్యెత్తి ఆపాడు.

"కదలకు. జెర ఊపిరి బిగబట్టు."

మొద్దుకు పట్టిన పుట్టగొడుగు కింద రెండు మూడు నుసుమలు గాలిలో తేలుతున్నాయి. నల్లవి కావు. తేనె రంగువి. ఎగురుతున్నట్టు లేదు. ఆకుపచ్చ వెలుతురులో మునిగి, కిందికి జారి, మళ్ళీ పైకి వస్తున్నాయి. పుట్టగొడుగు అడుగున సన్నని జిగురు దారాలు, దారాల మీద వరసగా నీటి బొట్లు. ఆ దారాల్లో గాజులాంటి పిల్ల పురుగులు నల్లటి తలలతో మెల్లగా పాకుతున్నాయి. సార్ గాజు గొట్టం నోట్లో పెట్టుకుని ఒక నుసుమను పీల్చి పట్టాడు. తర్వాత అరగంట సేపు మేమిద్దరం మిగతావాటిని చూస్తూ ఆ మెట్ల మీదే కూర్చున్నాం. నా ఉద్యోగంలో నేను చేసిన అన్నిటికంటే మంచి పని బహుశా ఆ అరగంట కూర్చోవడమే.

సీసాలు

చూడగానే ఇది కొత్తదని తెలిసిపోతుందని ఎవరైనా అంటే నమ్మకండి. అంతకుముందు వర్ణించిన వాటన్నిటితో పోల్చాలి. నుసుమల్లో తేడా రంగులో తెలియదు. మగదాని తోక చివర పట్టుకారులాంటి భాగం ఒకటి ఉంటుంది. దాని మీద ముళ్ళు ఎన్ని, ఎటు వంగాయి అన్నదే అసలు ఆనవాలు. దాన్ని కాస్టిక్ ద్రావణంలో కొద్దిసేపు ఉడికించి, మెత్తబడ్డాక మైక్రోస్కోప్ కింద చూడాలి.

సార్ ఆ ఒక్క మగదాన్నీ చూసి బొమ్మ గీశాడు. పట్టుకారు మీద నాలుగు ముళ్ళు. మా దగ్గరున్న ఏ పుస్తకంలోనూ అలాంటిది లేదు. నేను ఎగిరి గంతేసినంత పని చేశాను.

"ఒక్కటి చూసి జాతి అనొద్దు, వీరేశం. దానికి ఒంట్ల బాగలేకుంటె సుత గట్లుండొచ్చు. ఇంకా మగవి కావాలె. ఆడది కావాలె. పిల్ల పురుగు నుంచి రెక్కలొచ్చేదాక మన కండ్ల ముందర పెరగాలె."

మొద్దులోంచి పుట్టగొడుగుతో సహా ముక్కలు కోసి నాలుగు సీసాల్లో పెట్టాం. మూతికి పల్చటి మల్లు గుడ్డ కట్టాం. కట్టె ఎండకూడదు, నానకూడదు. రోజుకు నాలుగైదు సార్లు దూది తడిపి పెట్టాలి. రెండుసార్లు నా అజాగ్రత్త వల్ల బూజు కమ్మి పిల్లలు చచ్చిపోయాయి. మూడోసారి భాద్రపదంలో పెట్టినవి నిలిచాయి. దారాల మధ్య తెల్లటి గూళ్ళు కట్టుకున్నాయి. సరిగ్గా అప్పుడే భారత సైన్యం నిజాం రాజ్యంలోకి వస్తోందని కబురు వచ్చింది.

ఐదు రోజులు

ఆ ఏడాది రజాకార్ల పేరు చెబితే ఊళ్ళు వణికేవి. ఇప్పుడేమో ముస్లిం ఇళ్ళలో వేరే భయం. ఆఫీసు మూసేశారు. సార్ మూడు సీసాలను తడి గోనెగుడ్డలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని రిక్షా ఎక్కాడు. నాలుగోది నేను పట్టుకున్నాను. రెజిమెంటల్ బజార్‌లో ఆయన ఇల్లు, అదే గల్లీ చివర నా అద్దె గది.

సార్ భార్య అమీనా బీ. మాట పెళుసు, మనసు కాదు. లోపలి చీకటి గదిలో మంచినీళ్ళ కుండలు పక్కకు జరిపి సీసాలకు చోటు చేసింది.

"కుండల కంటె పురుగులెక్కువ అయినయా ఈ ఇంట్ల?" అంది.

"నాలుగు దినాలే," అన్నాడు సార్.

"ఎన్ని సార్లు తడపాలెనో చెప్పు. నువ్వు మర్చిపోతవ్."

ఆ ఐదు రోజులూ దూది తడిపింది ఎక్కువగా ఆమే. గల్లీలో అలికిడి లేదు. తలుపులన్నీ మూసి ఉండేవి. అప్పుడప్పుడు పైన విమానం చప్పుడు పోయేది. పగలు నేను గోడ పక్కగా నడిచి వాళ్ళింటికి వెళ్ళి, ముగ్గురం ఆ చల్లటి గదిలో సీసాల ముందు కూర్చునేవాళ్ళం. ఏ పూట ఏదో తెలిసేది కాదు. గుడ్డ మీద నీటి వాసన, నానిన మామిడి కట్టె వాసన. ఆ గదిలో కాలం కూడా గూడు కట్టుకుని పడుకున్నట్టుండేది.

రెండో రోజు అమీనా బీ వాళ్ళన్న ఒక టాంగా తీసుకుని వచ్చాడు.

"ఇంకా ఇక్కడెందుకుండుడు? పాతబస్తీకి పోదాం, పాండ్రి."

"టాంగాల ఊగితె గూళ్ళు చితికిపోతయ్ భాయ్," అన్నాడు సార్.

"పురుగుల కోసం పానం మీదికి తెచ్చుకుంటవా?"

దానికి జవాబు చెప్పింది అమీనా బీ. "పురుగుల కోసం కాదన్నా. ఇది మా ఇల్లు. మేం యాడికీ పోం."

ఆయన టాంగా ఖాళీగా తిరిగి వెళ్ళింది. చక్రాల చప్పుడు మలుపు తిరిగేదాకా సార్ తలుపు దగ్గరే నిలబడ్డాడు. ఆ రోజు సీసాల వైపు చూడలేదు.

నాలుగో రోజు మగవి బయటికి వచ్చాయి. ఐదో రోజు సాయంత్రం ఒక ఆడది. గూడు చివర చీలి, తల బయటపడి, ముడతలు పడ్డ రెక్కలతో గుడ్డకు వేలాడింది. రెక్కలు మెల్లగా విచ్చుకుంటుంటే అమీనా బీ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని చూసింది, ఊపిరి తగులుతుందేమోనని. అదే సమయంలో పక్కింటి రేడియోలో నిజాం సైన్యం లొంగిపోయిందని వచ్చింది. వీధిలో కొందరు కేకలు వేశారు. కొన్ని తలుపులకు గడియలు పడిన చప్పుడు.

నేను దాచను. నాకు సంతోషం వేసింది. మా మేనమామ ఊరు ఆ ఏడాది రజాకార్ల చేతిలో చాలా బాధలు పడింది. కానీ ఆ సంతోషాన్ని ఆ గదిలో ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. సార్ నా ముఖం చూశాడు. "నీకు మంచిగనిపిస్తె అనిపియ్యనీ, దాచకు," అన్నాడు. తర్వాత, "రెక్కలు పూర్తిగ ఆరినంక పట్టు. తొందరపడకు," అన్నాడు.

ఒక్క పేరు

కొన్ని వారాలకు సార్‌ను పదవి నుంచి తప్పించి విచారణ పెట్టారు. రజాకార్లకు ఆశ్రయమిచ్చాడని ఎవరో పేరు లేని ఉత్తరం రాశారట. అలాంటి ఉత్తరాలు ఆ రోజుల్లో చాలా తిరిగాయి. బావిలో దొరికిన మొదటి మగదాని పలక లోపల ఉండగానే ఆయన గదికి తాళం వేశారు. బొమ్మలు, నోట్సు, సీసాల్లో పుట్టిన ఒక మగది నా దగ్గర ఉన్నాయి. మిగతా రెండు మగవి ఆయన ఇంట్లోనే ఉండిపోయాయి.

కొత్త అధికారి మర్యాదస్తుడు. నన్ను కూర్చోబెట్టి చాయ్ తెప్పించాడు.

"ఈ నుసుమ మీద పేపర్ పంపిద్దాం వీరేశం గారూ. మన శాఖకు మంచి పేరు. అయితే విచారణలో ఉన్న మనిషి పేరు దాని మీద పోకూడదు. మీ ఒక్కరి పేరు చాలు."

"బొమ్మలు సార్ గీసిండు. కనుక్కున్నది సుత..."

"బొమ్మ ఎవరు గీస్తే ఏమిటి? మీరు చిన్నవారు, ముందు చాలా ఉంది. ఆలోచించుకోండి."

నేను ఆలోచించుకోలేదు. ఆ మాటలంటున్న సమయంలో నా బల్ల మీద చిన్న పొయ్యిపై ఆ మగ నుసుమ తోక కాస్టిక్‌లో ఉడుకుతోంది. తిరిగి వచ్చేసరికి చాలా ఎక్కువ ఉడికింది. అయినా దాన్నే పలక మీద పరిచి, చూసి, మూడు ముళ్ళని రాశాను. పైన నా పేరు ఒక్కటే రాశాను. భయంతో రాశానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. భయం సగమే. కాగితం మీద నా పేరు ఒంటరిగా ఎలా ఉంటుందో చూడాలనిపించింది, అది మిగతా సగం. చూశాను. బాగుంది.

ఆ తర్వాత మూడు నెలలు నేను సార్ ఇంటి ముందు నుంచి పోకుండా, గల్లీ అటు కొస నుంచి తిరిగి నా గదికి చేరేవాణ్ణి.

అప్పుడు పేపర్ పంపిన పత్రిక సంపాదకుడి దగ్గర నుంచి, విదేశం నుంచి, చిన్న ఉత్తరం వచ్చింది. "మీ రాతలో ముళ్ళు మూడు. మీ బొమ్మలో నాలుగు. ఏది నిజం?"

నా పలక మళ్ళీ తీసి చూశాను. ఏమీ తేలలేదు. మిగతా మగవి ఉన్నది ఒక్క చోటే.

నాలుగో ముల్లు

ఒక ఆదివారం ఉదయం తలుపు తట్టాను. అమీనా బీ తీసింది. నన్ను ఎగాదిగా చూసింది.

"బతికే ఉన్నవా? గల్లీల ఉండి ఇన్ని దినాలు కనబడకపోతె ఎక్కడికో పోయినవనుకున్న."

సార్ కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాడు. చిక్కిపోయాడు. నేను నిలబడే చెప్పాను, "సార్, పేపర్ పంపిన. నా పేరొక్కటే పెట్టిన."

"తెలుసు. టైపిస్టు చెప్పిండు."

"తప్పయింది సార్."

ఆయన చెయ్యి చాపాడు. నేను ఉత్తరం ఇచ్చాను. చదివి, నా పలక అడిగాడు. ఇంట్లో ఉన్న పాత మైక్రోస్కోప్‌ను వెలుతురుకు తిప్పి చాలాసేపు చూశాడు.

"ఎంతసేపు ఉడికించినవ్?"

"తెల్వదు సార్. పొయ్యి మీద పెట్టి పోయిన."

"ఇగ చూడు. మూడో ముల్లు పక్కన గుంట ఉన్నదా? అండ్ల ముల్లు ఉండె. ఊడిపోయింది. ముల్లు లేనిది వేరు, ముల్లు పోయినది వేరు."

నాకు గుంట కనబడలేదు. ఆయన తన దగ్గరున్న రెండు మగవాటిని ఒకదాని తర్వాత ఒకటి పెట్టాడు. నాలుగు, నాలుగు. మళ్ళీ నాది పెట్టాడు. చూడమన్నాడు. చూశాను. కాంతి గుండ్రంగా, తేనెరంగు కొండలు లోయల్లా ఉంది లోపల. ఎంతసేపు చూశానో తెలియదు. కళ్ళలో నీళ్ళు తిరిగి అంతా మసకబారింది, తుడుచుకుని మళ్ళీ చూశాను. అప్పుడు కనబడింది, సూది మొనతో పొడిచినంత గుంట. ఆయన నన్ను తిట్టి ఉంటే ఆ పూట నాకు తేలికగా ఉండేది.

"సార్, నుసుమకు మీ పేరు పెడత," అన్నాను.

ఆయన గొంతు మొదటిసారి గట్టిపడింది. "నా పేరు పురుగుకు వద్దు. పేపర్ మీద ఉండాలె. పని చేసినోడి పేరు పైన ఉంటది. పురుగుకు పెట్టేది ఇనాం. నాకు ఇనాం ఎందుకు?"

ఈ పనిలోకి వచ్చే పిల్లలకు నేను చెప్పేది ఇదే. ఎవరి పని దొంగిలించినా, తర్వాత వాళ్ళకు సత్కారం చేసి సరిపెట్టుకోవచ్చని అనుకోకండి. ఎక్కువమంది అదే చేస్తారు. నేనూ అదే చేయబోయాను.

"బావిల దొరికింది. బావిదని పెట్టు," అన్నాడు సార్. లాటిన్‌లో దానికి మాట ఉంది. అదే పెట్టాం.

మర్నాడు కొత్త అధికారి గదికి వెళ్ళాను. రాతలో తప్పుందని, రెండు పేర్లతో, సార్ పేరు ముందు పెట్టి, మళ్ళీ పంపుతున్నానని చెప్పాను.

"అయితే ఇది మన ఆఫీసు ద్వారా పోదు."

"పోస్టాఫీసు ద్వారా పోతది సార్."

నాకు అంత ధైర్యం అంతకుముందు లేదు, ఆ తర్వాతా పెద్దగా లేదు. నెల తిరక్కుండా నన్ను దూరాన ఉన్న విత్తనాల క్షేత్రానికి పంపారు. అక్కడ ఆరేళ్ళున్నాను. మైక్రోస్కోప్ లేదు. సాయంత్రాలు కాలవ గట్టున కూర్చుని నుసుమలు లేవడం చూసేవాణ్ణి. నా మీద నాకు జాలి వేసిన రోజులున్నాయి. పశ్చాత్తాపపడ్డ రోజు లేదు. ఆ అధికారిని ఇప్పుడు తలచుకుంటే కోపం రాదు. ఆయన నన్ను బలవంతం చేయలేదు, అడిగాడు, అంతే.

సార్ మీద జరిగిన విచారణలో ఏమీ దొరకలేదు. అయినా పాత కుర్చీ ఇవ్వలేదు. ముందుగానే పదవీ విరమణ ఇచ్చేశారు. ఆయన సికింద్రాబాద్‌లోనే ఒక ఆడపిల్లల బడిలో జీవశాస్త్రం చెప్పడానికి చేరాడు. మంచి టీచరని పేరొచ్చింది. కాగితాల మీద చుక్కలు పెడతాడని పిల్లలు గోల చేసేవారట.

అచ్చు

పేపర్ అచ్చయి కొన్ని ప్రతులు నాకు క్షేత్రానికి వచ్చాయి. సెలవు పెట్టి, ఒకటి తీసుకుని రెజిమెంటల్ బజార్ వెళ్ళాను. మధ్యాహ్నం భోజనాలయ్యాయి. బయట సన్నగా వాన. సార్ కళ్ళద్దాలు తుడుచుకుని కిటికీ దగ్గర కూర్చున్నాడు. పేర్లున్న చోట ఆయన వేలు ఒక్క క్షణం ఆగింది.

"జోర్గ చదువు. నాకు సుత తెలవాలె," అంది అమీనా బీ.

"ఇంగ్లీషుల ఉన్నది."

"తెలుగుల చెప్పు మరి."

ఆయన గొంతు సవరించుకున్నాడు. ఒక్కో వాక్యం ముందు తనలో తాను చదువుకుని, తర్వాత పైకి చెప్పసాగాడు.

"మగది. తల నల్లగ ఉంటది. వీపు గూని లెక్క పైకి లేచి ఉంటది, తేనెరంగు. కాళ్ళు పొడుగు, జెర పచ్చగ. రెక్కలకు రంగు లేదు, కొసకు మాత్రం పొగ పట్టినట్టు..."

నేను రాసిన వాక్యాలే అవి. ఆయన నోట్లో వేరేగా ఉన్నాయి. వాన చప్పుడులో కలిసి, నిదానంగా, ఎవరికో జరిగిన కథలాగా వినబడుతున్నాయి. అమీనా బీ గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంది.

"ఆడది," అన్నాడు సార్. "మగదాని కంటె జెర పెద్దది. నిండుగ ఉంటది."

"అది నేను చూసిన," అంది ఆమె, కళ్ళు తెరవకుండానే.

"చూసినవు. ఇంకా ఉన్నది, ఇను."

ఆయన పేజీ తిప్పాడు.